కొట్టేసిన తేదీ

ఆ శనివారం ఇంట్లో ఐదుగురున్నారు. ముందు గదిలో మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న, మహిమ అవ్వా అని పిలిచే తల్లి ఎలీసబెతు, అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న నానమ్మ రామవ్వ, స్టూలు మీద బీపీ మిషన్ పెట్టుకున్న మెడికల్ కాలేజీ పిల్ల కోమల, ఆమె వెంట వచ్చిన తోటి విద్యార్థి ఓంప్రకాశ్, తలుపు పక్కన నిలబడ్డ మహిమ. మహిమ తండ్రి యేసుదాసు పొద్దున్నే వరికోతకు పోయాడు.

కోమల ఏడాదిగా నెలకోసారి వస్తోంది. కాలేజీవాళ్లు ఒక్కో విద్యార్థికి ఊళ్లో కొన్ని ఇళ్లు అప్పగిస్తారు. వీళ్ల ఇల్లు ఆమె వంతుకు వచ్చింది. అవ్వ ఆయాసం మామూలుది కాదని పసిగట్టి, కరీంనగర్‌లో పెద్ద డాక్టరు సార్‌కు చూపించింది ఆమే. అందుకే అవ్వకు కోమల అంటే ప్రాణం. మహిమకు మాత్రం పది రోజులుగా కోమల నవ్వు మీద నమ్మకం పోయింది.

పది రోజుల కిందట దవాఖానలో సార్ గది బయట వరస మెట్ల దాకా ఉంది. వంశీధర్‌రావు సార్ అవ్వను చూసింది నాలుగు నిమిషాలు. తర్వాత తెర వెనక ఎనిమిది మంది కాలేజీ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అవ్వ గుండె మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు. "ఇంత సాఫ్‌గా చప్పుడు వినిపించే కేసు మళ్లీ దొరకదు, చెవి పెట్టి వినండి" అన్నాడు సార్. గుండెలో వాల్వ్ ఇరుకైందనీ, బెలూన్‌తో తెరవాలనీ చెప్పి చీటీ మీద పన్నెండో తేదీ వేశాడు. బయటికి వచ్చేలోపే సిస్టరమ్మ ఆ చీటీ అడిగి తీసుకుంది. పన్నెండు కొట్టేసి ఇరవై రెండు రాసిచ్చింది. ఎందుకని అడగకుండానే మహిమ చీటీ మడిచి అవ్వ చేతికిచ్చింది.

"అమ్మా, పద్దెనిమిదిన జర కాలేజీకి రావాలె. మా పరీక్షలు. సార్ నిన్నే తీస్కరమ్మన్నడు" అంది కోమల.

"పరీక్ష నీదైతే నేనేం రాయాలె బిడ్డ?"

"ఏం రాయొద్దు. పండుకుంటే చాలు. మేం చూసి చెప్పాలె."

"పెండ్లిచూపులల్ల సుత గింతమంది చూడలే నా కోడల్ని" అంది రామవ్వ అరుగు మీంచి. ఓంప్రకాశ్ నవ్వు ఆపుకున్నాడు.

"మీ పరీక్షలు ఎప్పుడొడుస్తయక్కా?" మహిమ గొంతు ఆమెకే సరిగా వినపడలేదు.

"ఇరవైకి అయిపోతయి."

"అవ్వకు ఇరవై రెండు వేసిన్రు. ముందుగాల పన్నెండు ఉండె."

మిషన్ గొట్టం చుడుతున్న కోమల చేతులు ఆగాయి.

"వాల్వ్ తెరిస్తే గా సప్పుడు పోతదా అక్కా?"

"తగ్గుతది" అన్నాడు ఓంప్రకాశ్. కోమల అతని వైపు చురుగ్గా చూసింది.

"మహీ, సార్ అసొంటోడు కాదు. దినాం నూట యాభై మందిని చూస్తడు, నడుమ మాకు పాఠం చెప్తడు. బెలూన్ వేసే మిషన్ ఖాళీ లేకుండొచ్చు."

"లేకుండొచ్చా? నీకు ఎరుకనా?"

"నాకెరుక లేదు" అంది కోమల, గొట్టం మీంచి చూపు ఎత్తకుండా. తెలియక తల దించుకుందో, తెలిసే దించుకుందో మహిమకు అంతు చిక్కలేదు.

"సార్‌కు ఫోన్ చెయ్యి. పన్నెండుకు ఇంక నాలుగు దినాలున్నయి. ఎందుకు మార్చిన్రో అడుగు."

"స్టూడెంట్‌ను. నేనెట్ల అడుగుత?"

"అడిగినంకనే అవ్వ మీద చెయ్యి వెయ్యి."

మహిమ నోటి వెంట అంత మాట ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు.

అవ్వ మంచం పట్టె పట్టుకుని లేచింది. లేచినందుకే ఎగశ్వాస వచ్చింది. "నోరు ముయ్యి. సార్‌కు కోపమొచ్చి నా పేరే కొట్టేస్తే ఏ దవాఖానకు పోదాం?"

"నువ్వు పండుకుంటలేవు అవ్వా. కూసునే తెల్లారగొడుతున్నవ్."

"ఎనుకకు జరిగింది పది దినాలే కద. ఓర్సుకుంట." కోమల చెయ్యి పట్టుకుంది. "రా బిడ్డ, లోపలి గదిలకొచ్చి చూసుకో. మంచిగ నేర్సుకో."

మహిమ వాళ్ల వెంట నడిచి ఆ గది గడప మీద కాలు పెట్టింది. అవ్వ ఆమె ముఖం చూడకుండా తలుపు మూసి, లోపల గడియ పెట్టుకుంది.