తివాచీలో కట్టయ్య

కొత్తవాడలో తివాచీలు నేసే వెంకటరాజానికి ఆ పని 1944 ఎండాకాలంలో వచ్చింది. వర్ధన్నపేట దగ్గరి ఒక దొర తన ఇంగ్లీషు పుస్తకంలోని బొమ్మ చూపించి, అచ్చం అట్లాగే నేయమన్నాడు. రోము చక్రవర్తి యుద్ధం గెలిచి రథం మీద ఊరేగుతున్నాడు. రథం పక్కన, గొలుసులతో కట్టిన బానిసలు మోకరిల్లి ఉన్నారు. చక్రవర్తి గడ్డం మీది గీత కూడా కనబడుతోంది గాని, బానిసల ముఖాలు మాత్రం అచ్చులో అలికినట్టయిపోయాయి.

దొర ఉండే గడీ నుంచి ఉన్ని మోసుకొచ్చిన వెట్టివాడు కట్టయ్యను చూడగానే వెంకటరాజానికి ఉపాయం తట్టింది.

"జర మోకాళ్ల మీద కూసో తమ్మీ. నీ మొఖం గీసుకుంట."

"నా మొఖమా అన్నా! దొర తివాచీల నేనుంటనా?"

కట్టయ్య మురిసిపోయి పొద్దుగూకేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఆ ముఖం ఎవరికి పెడుతున్నాడో వెంకటరాజం చెప్పలేదు. చెబితే లేచిపోతాడేమోనని భయం.

ఐదు నెలలకు తివాచీ గడీలో పరిచారు. దొర మోకరిల్లిన బానిసల్లో ఒకణ్ని వంగి చూసి పకపకా నవ్వాడు.

"అరే, వీడు మన కట్టిగాడే గదరా!"

అంటూనే చెప్పుకాలు సరిగ్గా ఆ ముఖం మీద పెట్టాడు. అందరూ నవ్వారు. వెంకటరాజమూ నవ్వాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ కట్టయ్య వైపు చూడకుండా, దొర కప్పిన శాలువాతో బయటపడ్డాడు.

ఆ తర్వాత మగ్గం మీద కొత్త పని ఎత్తుకోలేదు. భార్య లక్ష్మీనర్సమ్మ ఏమైందని అడిగితే చలిజ్వరమన్నాడు. నెల తిరగకముందే ఉండబట్టలేక గడీకి పోయాడు. పెరటి గోడ మీద తివాచీ వేసి, కట్టయ్య కట్టెతో దుమ్ము దులుపుతున్నాడు.

"తప్పయింది తమ్మీ. నీకు చెప్పకుంట చేసిన."

"వచ్చినోళ్లందరు ఏడున్నడని అడిగి మరీ తొక్కుతాండ్రు అన్నా. నా బిడ్డ గూడ చూసింది." కట్టయ్య కట్టె ఆపలేదు.

ఉన్నికి పురుగు పట్టిందని దొరకు అబద్ధం చెప్పి, వెంకటరాజం ఆ పెరట్లోనే మూడు రోజులు కూర్చున్నాడు. కట్టయ్య ముఖంలోని ఒక్కో ముడీ విప్పి, ఆ చోట తన ముఖం నేశాడు.

కట్టయ్య వంగి ఆ కొత్త ముడుల మీద చెయ్యి రాశాడు.

"నీ మొఖం పెడితే నాకేమొస్తదన్నా? రేపు దీన్ని గూడ నేనే దులపాలె."

కట్టయ్య తివాచీ చుట్టి భుజానికెత్తుకున్నాడు. వెంకటరాజం రెండో కొస పట్టుకుని, తలొంచుకుని అతని వెనకాలే నడిచాడు.