చీర కట్టిన కొండయ్య

పిచ్చమ్మది మహా మొండిఘటం. లేకపోతే కుడిచేతి బొటనవేలు చెంబు కూడా పట్టనంటుంటే, మణికట్టుకు గుడ్డపీలిక బిగించి, పైన ఇంత నొప్పుల మందు పూసుకుని ఎవరైనా బర్రె కింద కూర్చుంటారా? ఆమె కూర్చుంది. యర్రగొండపాలెం దగ్గర ఆ పల్లెలో అందరూ పితికేది ఒకటే తీరు. బొటనవేలు లోపలికి మడిచి, ఆ కణుపుతో చన్ను నొక్కి లాగుతారు.

ఒకనాడు చెయ్యి పట్టుతప్పి తపేళా పాలు నేలపాలైతే గానీ భర్త కొండయ్యకు సంగతి తెలియలేదు. తిట్టుకుంటూనే మార్కాపురం తీసుకుపోయాడు.

డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూసింది. "ఎముకకేం కాలేదమ్మా. రోజూ మడిచిన వేలిమీద అంత బలం పెడితే నరం వాయదా? ఇంట్లోనే బాగవుతుంది. వేలు కదలకుండా ఈ పట్టీ వేసుకో, వాపుమీద చల్లటి గుడ్డ పెట్టు. తగ్గేదాకా పాలు పితకొద్దు. మానకపోతే ముందుముందు ముద్ద కలపడం కూడా కష్టమే."

పితకొద్దంటే ఎలా? వాళ్ల బర్రె పిచ్చమ్మకు తప్ప ఎవరికీ చేపదు, చుక్క పాలు వదలదు. తల్లి చచ్చి దూడగా మిగిలిననాడు దాన్ని సీసాపాలు పట్టి పెంచింది ఆమే మరి! ఆ సాయంత్రం కొండయ్య కూర్చుంటే ఒక్క తన్ను తన్నింది. తపేళా ఒకవైపు, మనిషి ఒకవైపు. పక్కింటి రమణికీ అదే మర్యాద. తెల్లారేసరికి పొదుగు బిగిసి, బర్రె నిలవలేక అరుస్తోంది.

"అమ్మేద్దాంలే. నోరులేనిదాన్ని ఉసురు పెట్టడమెందుకు?" అంది పిచ్చమ్మ. అన్నదే గానీ, బర్రె మళ్లీ అరవగానే లేచింది. ఉండబట్టలేక పట్టీ విప్పబోయింది.

"అది విప్పినావంటే చూడు!" అని కసిరి కొండయ్య ఇంట్లోకి పోయాడు. వచ్చేటప్పటికి ఒంటిమీద ఆమె విడిచిన చీర! మీసాల దాకా ముసుగు. బర్రె మూతి చాచి కొంగు వాసన చూసింది. ఇంకోసారి చూసి, నెమరుకు దిగింది. కొండయ్యకు మొద్దువేళ్లు మడవడం చేతకాక, పిడికిలి నిండా చన్ను పట్టి పిండాడు. ధార తపేళాలో జుయ్యిమంది. పిచ్చమ్మ గోడకానుకుని నవ్వింది, ఏడ్చింది కూడా.

ఊరు ఊరుకుంటుందా? పాలకేంద్రం కాడ, పాలు పోయడానికొచ్చిన కోటి అందుకున్నాడు. "ఏం కొండయ్య వదినా, చీర బాగుందే!"

"నీ పెండ్లానికి చెయ్యి పడిపోతే నువ్వేం కట్టుకుంటావురా?" అన్నాడు కొండయ్య. కోటి తన క్యాను ఎత్తుకుని వరసలోకి జరిగాడు.

నెల తిరిగేసరికి వాపు తీసింది. పిచ్చమ్మ తపేళా పట్టుకుని కొట్టంలోకి పోతే, కొండయ్య అప్పటికే ముసుగేసుకుని కూర్చున్నాడు.

"లెయ్యి. నాకు బాగైందిలే."

"పొద్దుటి పాలు నావి, సందెకాడ నీవి. నువ్వు గూడా ఏలు మడవొద్దు, ఇట్ల పిడికిలితో పితుకు."

పిచ్చమ్మ అతని పక్కనే చతికిలబడింది.

"మా అమ్మకు గూడా ఇదే నొప్పి వచ్చిండెనయ్యా. ఇంట్లో అంతమందిమి ఉండి ఒక్కరమూ ఆమెను బర్రె కింద నుంచి లేపలేదు. చచ్చేదాకా ఎడంచేత్తోనే తినింది. ఈ పొద్దు నేను కుడిచేత్తో అన్నం తింటాండానంటే నీ పుణ్యమే."

కొండయ్య ముసుగు సర్దుకున్నాడు. కాస్త జరిగి ఆమెకు చోటిచ్చాడు.