చివరగా చెయ్యి పెట్టినవాడు

ముప్పై ఏళ్లుగా పదిమంది బండ్లు బాగుచేసి బతుకుతున్న మెకానిక్కు సొంత కారు స్టార్టవకపోతే అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. పొద్దున్న ఆరింటికి తాళం తిప్పాను. సెల్ఫ్ గిరగిరా తిరిగింది గానీ ఇంజను అందుకోలేదు. మళ్లీ తిప్పాను. ‘టప్’మని ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.

ముందురోజు సాయంత్రం వదిన ఫోన్ చేసింది. “మీ అన్నయ్యకి ఏం బాగోలేదయ్యా. రేపు గడిస్తే గొప్పే అంటున్నాడు డాక్టరు. నిన్ను చూడాలంటున్నారు” అంది. ఆరేళ్లలో ఆ ఇంటి నుంచి నాకొచ్చిన మొదటి ఫోన్ అది. వాళ్లుండేది మూడు గంటల దూరంలో. ఎదుటి బండ్ల లైట్లు కళ్లలో పడితే నాకు దారి ఆనదు. తెల్లారగానే బయల్దేరతానని చెప్పి, వెళ్లేముందు కారు ఒకసారి సరిచూద్దామని కూచున్నాను. ప్లగ్గులు కొత్తవి వేశాను, వైర్లన్నీ తీసి తుడిచి మళ్లీ పెట్టాను. తీరా పొద్దున్నకి ఇదీ వరస.

నేను అన్నయ్యకి చెప్పాల్సిన మాట ఒకటుంది. అప్పట్లో షెడ్డు మా ఇద్దరిదీ. ఒక టీచరమ్మ కారు ఆయిల్ మార్చడానికి వచ్చింది. కిందికి దూరి, పాత ఆయిల్ వంపిన రంధ్రానికి బోల్టు పెట్టింది నేను. ఎవరో పిలిస్తే సగంలో లేచాను. చేత్తో తిప్పి వదిలేసిన బోల్టుని స్పానరుతో బిగించాలన్న సంగతే మరిచిపోయాను. మర్నాడు దారిలో ఆయిలంతా కారిపోయి ఇంజను పట్టేసింది. ఆవిడ షెడ్డుకొచ్చి అందరి ముందూ నిలదీసింది. “అది అన్నయ్య చేసిన బండి” అన్నాను నేను, తడుముకోకుండా.

అన్నయ్య నా మొహంలోకి ఒక్కసారి చూశాడు. చేతులు తుడుచుకుని తన సామాను సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత తన దగ్గరికి బండి తెచ్చేవాళ్లు లేక ఊరే మారిపోయాడు. ఆ బోల్టు నాదని ఎదురుగా కూచుని, తన మొహం చూస్తూ చెప్పాలి. తను ఉండగానే చెప్పాలి. నాకు కావలసిందల్లా అదే.

బ్యాటరీతో మొదలుపెట్టాను. దాని మీద బూజు లేదు, వైర్లు గట్టిగానే ఉన్నాయి. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. తర్వాత పెట్రోలు. గొట్టం ఊడదీసి సెల్ఫ్ కొడితే గుక్కలు గుక్కలుగా సీసాలోకి వచ్చింది. కార్బొరేటర్ విప్పి ఊది మళ్లీ బిగించాను. సెల్ఫ్ కొడితే మళ్లీ అదే ‘టప్’.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. “ఏవండీ, ఏడున్నరకి బస్సుంది. అందులో పోండి” అంది.

“నేను బస్సులో పోవాలా? మెకానిక్ని!”

“ఆయన మిమ్మల్ని చూడాలనుకుంటున్నారు గానీ మీ కారుని కాదు.”

ఒళ్లు మండింది. నువ్వు లోపలికి పో అన్నాను. నిజం చెప్పాలంటే, నాకు ఆ కారులోనే వెళ్లాలని ఉంది. తుక్కు కింద పడి ఉన్నదాన్ని అన్నయ్యా నేనూ ఏడాదిపాటు కూచుని బతికించిన బండి అది. వాకిట్లో దాని చప్పుడు వింటే తను సగం కోపం మరిచిపోతాడని ఆశ. ఒట్టి చేతులతో వెళ్లి తప్పు ఒప్పుకోడానికి నాకు మొహం చెల్లలేదు.

ఒక్కో ప్లగ్గూ విప్పి ఇంజను మీద ఆనించి చూశాను. నాలుగింటికి నాలుగూ నిప్పురవ్వలు కక్కుతున్నాయి. కరెంటుంది. పెట్రోలుంది. గాలి ఉంది. ఇన్ని ఉండీ అందుకోని ఇంజను నేను చూడలేదు. బస్సు వెళ్లిపోయింది. ఎనిమిదిన్నర అయింది. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. టైరుని ఒక్క తన్ను తన్నాను, బొటనవేలు చితికింది. నేల మీద చతికిలబడి, నలభై దాటినప్పటి నుంచీ ఏడవనివాణ్ణి, ఏడ్చాను.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. వదిన. “ఎక్కడిదాకా వచ్చావ్?”

“ఇంకా ఇంటి దగ్గరే ఉన్నా వదినా. కారు స్టార్టవడం లేదు.”

“మీ అన్నయ్య వింటున్నారు. ఫోన్ చెవి దగ్గర పెడతా, మాట్లాడు” అంది.

మొదట ఊపిరి వినిపించింది. ఒక్కో ఊపిరికీ చాలా కష్టపడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

“ఏంట్రా... స్టార్టవట్లేదా?”

“లేదన్నయ్యా. కరెంటొస్తోంది, పెట్రోలొస్తోంది. ‘టప్’మని ఊరుకుంటోంది.”

“చివరగా... చెయ్యి పెట్టిందెవరు?”

షెడ్డుకి ఏ బండి వచ్చినా అన్నయ్య ముందు అడిగే ప్రశ్న అదే. నేనూ నా దగ్గరికొచ్చే ప్రతివాణ్ణీ అదే అడుగుతాను. పొద్దుటి నుంచి నన్ను నేను మాత్రం అడుక్కోలేదు.

“నేనే. నిన్న ప్లగ్గులు మార్చాను. వైర్లు తీసి పెట్టాను.”

“అయితే అక్కడే చూడు.” కాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక, “ఇంకేమైనా చెప్పాలా?” అన్నాడు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేద్దామనుకున్నాను. వాకిట్లో మా ఆవిడ చూస్తోంది, పక్కింటివాళ్లు చూస్తున్నారు. నా చేతుల నిండా గ్రీజు, కారు విప్పేసిన సామానంతా చుట్టూ. అంత పెద్ద మాట ఇలా నేల మీద కూచుని ఫోన్లో అనేదా అనిపించింది.

“వచ్చి చెప్తా అన్నయ్యా. మూడు గంటల్లో నీ ముందుంటా.”

“సరే” అన్నాడు.

బానెట్టులోకి వంగి చూస్తే కనిపించింది. ప్లగ్గులకి కరెంటు పంచే మూత దగ్గర నాలుగు వైర్లూ ఒక్కో స్థానం పక్కకి జరిగి ఉన్నాయి. నిప్పు పడుతోంది, పడాల్సిన సమయంలో కాదు. నిన్న నేనే పెట్టాను కదా, దాన్ని మళ్లీ చూసేదేంటని మూడు గంటలు బండంతా విప్పాను గానీ, ఆ మూత వైపు చెయ్యే పోనివ్వలేదు. పీకి సరిగ్గా పెట్టడానికి నిమిషం కూడా పట్టలేదు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి నీళ్ల సీసా కిటికీలోంచి సీట్లోకి విసిరింది. నాకు సంతోషం ఏమీ కలగలేదు.

గంటన్నర నడిపాను. సగం దారి దాటాక ఫోన్ మోగింది. రోడ్డు పక్కన ఆపాను.

“నెమ్మదిగా రా అయ్యా” అంది వదిన. “ఇంక తొందరేం లేదు.”

స్టీరింగు పట్టుకున్న చేతులు వదలడం నాకు చేతకాలేదు. లారీలు పక్కనుంచి పోతుంటే కారు ఊగుతోంది. “వదినా, ఆ టీచరమ్మ కారు బోల్టు బిగించనిది నేను. అన్నయ్య కాదు. అది చెప్పడానికే వస్తున్నాను.”

“ఆయనకి తెలియదనుకున్నావా?” అంది. ఏడుపు గొంతు కాదు, బాగా అలిసిపోయిన గొంతు. “నువ్వు వస్తానన్నాక కూడా చెవి దగ్గర్నుంచి ఫోన్ తియ్యనివ్వలేదు. మళ్లీ చేస్తాడేమో, ఉండనివ్వమన్నారు. గంటసేపు అలా ఆయన చెవికి పట్టుకునే కూచున్నానయ్యా.”