కర్ర పడేస్తేనే గేటు

విరిగిన పక్కటెముకలు అతుక్కున్నాయని ఆసుపత్రిలో చెప్పిన మర్నాడే చిన్నకోడలు పశువుల కొట్టంలోకి వచ్చింది. వస్తూనే చూరులో దోపిన కర్రలన్నీ లాగి పొయ్యిలో పెట్టేసింది.

"నీకింకా కొట్టంలో పనేంటే? ఆ మొండిది నిన్ను చంపబోయింది, చాల్లేదా?" అంది అత్త.

"అది చంపబోలేదత్తా. నేను దాని పొదుగు పుండుకు మందు రాస్తుంటే, బావగారు అవతలి నుంచి దానికి కర్రతో ఒక్కటిచ్చారు. ఉలిక్కిపడి ఇటు దూకింది. దానికీ గోడకీ మధ్య నేనున్నాను."

ఆ ఇంట్లో ఈ మాట పైకి అనడం అదే మొదటిసారి. అప్పటిదాకా తప్పులో సగం మొండి అనే ఆ ఆవు మీదికీ, మిగతా సగం కోడలి మీదికీ నెట్టి ఊరుకున్నారు. భర్త పాలవ్యాను తోలుకుంటూ పొద్దున్నే వెళ్ళిపోతాడు. అన్నకు ఎదురు చెప్పడం అతనికి పుట్టుకతోనే రాలేదు. బావగారు చెడ్డవాడేం కాదు. దూడకు జ్వరమొస్తే తను ముద్ద ముట్టడు. కాకపోతే, చేతిలో కర్ర లేనిదే ఆయనకు కాలు సాగదు.

గాలికుంటు వ్యాధి టీకాల రోజు వచ్చింది. పశువుల డాక్టరు పెట్టె తెరిచి, ఆవులు ఒక్కొక్కటిగా వచ్చి నిలబడే ఇనుప గొట్టాల సందు పక్కన సిద్ధంగా ఉన్నాడు. బావగారు ఎక్కడి నుంచో పచ్చి కర్ర కొట్టుకొచ్చాడు. చిన్నకోడలు కొట్టం గేటుకు అడ్డంగా నిలబడింది.

"తప్పుకో అమ్మాయ్."

"కర్ర పడేయండి బావగారూ. గేటు తీస్తాను."

"కర్ర లేకుండా గొడ్డు కదులుతుందా?"

"కదులుతుంది. కాస్త ఆలస్యంగా కదులుతుంది, అంతే."

"నువ్వు నాకు చెప్పేదాకా వచ్చిందన్నమాట!"

"నా ఎముకలు విరిగేదాకా వచ్చింది మరి. చెప్పకేం చేయను?"

"పెద్దవాళ్ళతో ఆ మాటలేంటే!" అని గడపలోంచి అత్త కేకేసింది. డాక్టరు తన సూదుల్ని మహా శ్రద్ధగా సర్దుకోసాగాడు. చిన్నకోడలు గడియ మీంచి చెయ్యి తీయలేదు. చివరికి బావగారు కర్ర నేలకేసి కొట్టి, వెళ్ళి అరుగు మీద కూలబడ్డాడు.

"కానీ. చూద్దాం నీ ఘనకార్యం."

ఆమె ఆవుల వెనక చేరి అదిలించలేదు. వాటి కంటికి కనబడేలా భుజం పక్కన నడిచింది. "పదమ్మా, పద" అంటూ ఒక్కోదాన్నీ సందులోకి పంపింది. ఒకటి మాత్రం సందు మొదట్లోనే కాళ్ళు బిగబట్టింది. ఆమె దాని చూపు వెంటే చూసింది. గొట్టం మీద తువ్వాలు గాలికి టపటపలాడుతోంది.

"బావగారూ, మీ తువ్వాలు తీసేయండి. బెదురుతోంది."

ఆయన గొణుక్కుంటూ వచ్చి తీశాడు. ఆవు నడిచింది. ఆయన చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

చివరికి మొండి మిగిలింది. దాన్ని చూడగానే ఆమెకు ఊపిరి పక్కటెముకల దగ్గరే ఆగిపోయింది. భయం లేదని అబద్ధమాడే మనిషి కాదామె. అయినా ముందు పిలిచింది, తర్వాత భుజం మీద చెయ్యి వేసింది. దాని చర్మం జలదరించింది. ఆ పైన బెల్లం కొట్టిన రాయే, ఉలకదు పలకదు.

"పొద్దుపోతోంది" అన్నాడు బావగారు.

"పోనివ్వండి."

"నాకేం తొందర లేదమ్మా" అంటూ డాక్టరు తిన్నెమీద కూర్చున్నాడు.

చాలాసేపటికి మొండి పెద్దగా నిట్టూర్చి ఓ అడుగు వేసింది. ఆమె కూడా వేసింది. అలా ఇద్దరూ సందులోకి నడిచారు. సూది దిగినప్పుడు కూడా మొండి తోక మాత్రమే ఆడించింది.

బావగారు లేచాడు. "ఒక్కరోజు భాగోతానికే ఇంత బెట్టా? రేపటి నుంచి అన్నీ నువ్వే చూసుకో!"

"చూసుకుంటాను. కర్ర పట్టుకుని మాత్రం ఎవరూ లోపలికి రావద్దు. మీరైనా సరే, మా ఆయనైనా సరే."

ఆయన విసవిసా వెళ్ళిపోయాడు.

"ఈ పూట అన్నం ముట్టడు" అని అత్త తల పట్టుకుంది.

"ఆకలేస్తే ఆయనే తింటారత్తా" అని చిన్నకోడలు గేటు మూసి గడియ పెట్టింది.