పరాయి పేరు

ఇనుము పెట్టి సాగగొట్టే దాగలి కూడా లారీ ఎక్కేసింది. తాళాల మేస్త్రీ కార్ఖానాలో ఇక మిగిలినవి గోడకు తగిలించిన, అరగదీసే నాలుగు ఆకురాళ్లు, ఒక స్టూలు మాత్రమే. "అవి కూడా ఇచ్చేయరాదూ?" అని పాతసామాన్ల వ్యాపారి అడిగితే మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఆ ఆకురాళ్లు అతని బావవి.

బావంటే స్వయానా అక్క మొగుడు. ఆయన చేసిన తాళానికి చెవి పోతే తలుపు పగలగొట్టుకోవాల్సిందే గానీ తాళం మాత్రం లొంగేది కాదు. కానీ జనం సంగతి మనకు తెలియనిదా! తిప్పి తిప్పి చూసి, "ఈ ఊళ్లో చేసిందేనా?" అని పెదవి విరిచేవారు. విసిగిపోయిన మేస్త్రీ పన్నెండేళ్ల కిందట తెలివైన పని అనుకుని ఒకటి చేశాడు పాపం. సముద్రాల అవతలి కంపెనీ పేరుతో అచ్చు చేయించి, తమ తాళాల మీద ఆ ముద్ర కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏమోయ్, మన బిడ్డకు పరాయివాళ్ల ఇంటిపేరు పెట్టుకుంటామా?" అన్నాడు బావ.

"నువ్వూరుకో బావా! అమ్ముడుపోతే చాలదూ?"

అమ్ముడుపోయాయి. ఎగబడి కొన్నారు. చివరికి ఆ కంపెనీవాళ్లే బజారులో దుకాణం తెరిచారు. వాళ్లు జనాన్ని పిలవాల్సిన పని కూడా లేకపోయింది. ఆ పేరును ఊరందరి నోళ్లలో నానబెట్టింది మన మేస్త్రీయే కదా! మేస్త్రీ తాళాలు కొనేవాళ్లు లేక, రెండేళ్లలో ఆరుగురు పనివాళ్లూ తలోదారి పట్టారు. బావ అరవయ్యో ఏట మూటలు మోసే పనికి వెళ్లి, మూడో వారమే నడుం విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. ఇక లేచి కూర్చోలేడన్నారు వైద్యులు. అక్కకు ఎదురుపడాలంటే మేస్త్రీకి మొహం చెల్లడం లేదు.

లారీ కదిలిపోయాక బడి పెద్ద పంతులమ్మ లోపలికి వచ్చి, సంచిలోంచి ఒక పాత తాళం తీసింది.

"మేస్త్రీగారూ, ఇది మీ దగ్గర కొన్నదే. ఇన్నేళ్లయినా చెక్కుచెదరలేదు. ఇదే పేరు చూసి కొత్త దుకాణంలో కొన్నవి మూడు నెలలకే మొరాయించాయి. బడికి ముప్ఫై కావాలి. ఈ పాతరకం తాళాలు ఇంకా ఉన్నాయా?"

మేస్త్రీ తాళం అందుకుని ముద్ర మీద వేలు పెట్టాడు. "ఇది మా బావ చేసిందమ్మా. మీద ఉన్న పేరే అబద్ధం."

"అయ్యో, ఎంత పని చేశారండీ! పోనీ, ఇప్పుడు మీ పేరుతోనే చేసివ్వండి."

"ఎవరు చేస్తారమ్మా? చేసే చెయ్యి మంచాన పడింది," అంటూ మేస్త్రీ భోరున ఏడ్చాడు.

పంతులమ్మ స్టూలు జరిపి అతణ్ని కూర్చోబెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది:

"తప్పు మీ ఒక్కరిదే కాదు లెండి. నేనూ పేరు చూసే కొన్నాను. మీ పనివాళ్ల పిల్లలు నలుగురు బడి మానేస్తే, ఎందుకో నాకు ఇప్పటిదాకా తట్టనేలేదు. వాళ్ల నాన్నల జీతాలతో నడిచిన బట్టల కొట్టు మూతపడింది, ఆ కొట్టుకు కుట్టే దర్జీ ఊరొదిలాడు. మన ఊరి పని మన ఊరు కొంటే, పక్క ఊరి పని మనం కొంటే, ఆ డబ్బు పది ఇళ్లు తిరిగి దేశాన్నంతా నిలబెడుతుంది. మన చేతిపనికి మన పేరు పెట్టుకోవడానికే సిగ్గుపడితే, మన ఇల్లు గడిచే దారిని మనమే మూసుకున్నట్టు మేస్త్రీగారూ!"