గీసినట్టే కోయండి

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు షోరూంలో మొదటి గౌను జిప్పు నడుము దగ్గర ఆగిపోయింది. తొడుక్కున్న మోడల్ ఊపిరి బిగబట్టింది. వెనక నిలబడ్డ పిల్ల రెండు చేతులతో లాగింది, జిప్పు కదల్లేదు. రెండో గౌను తెచ్చారు. అదీ అక్కడే ఆగింది. తెర అవతల అతిథులు కుర్చీల్లో ఉన్నారు. షాపు యజమాని మైకులో, ఇది తన సొంత డిజైనని, ఎన్నో ఏళ్ళ కష్టమని చెబుతున్నాడు. ఆయన భార్య తెర ఇవతల టీ కప్పులు ట్రేలో సర్దుతోంది. ఆమె జిప్పు వైపు ఒకసారి చూసి, కప్పుల పిడులన్నీ ఒకే వైపుకి తిప్పింది.

ఆ గౌను గీసింది ఆమె.

షాపు పెట్టి పదకొండేళ్ళు. ముందు షోరూం, వెనక వర్క్‌షాపు, పైన ఇల్లు. ఈ పదకొండేళ్ళలో అద్దాల వెనక వేలాడిన ప్రతి కోటూ, ప్రతి గౌనూ మొదట వంటింటి బల్ల మీద, గిన్నెలు తీసేసి తడి తుడిచాక, బ్రౌన్ పేపర్ మీద పుట్టింది. కాగితం గీసి ఊరుకుంటే సరిపోదు. కింద వర్క్‌షాపుకి దిగి, బట్ట మీద కాగితం పరిచి, గీత చుట్టూ ఇంకో గీత సుద్దతో గీయాలి. కుట్టులోకి పోయే బట్టకి అది లెక్క. దాన్ని వాళ్ళు మార్జిన్ అంటారు. చంక దగ్గర తక్కువ, పక్క కుట్టుకి ఎక్కువ, జిప్పు వచ్చే చోట ఇంకాస్త ఎక్కువ. జారే బట్టకి ఒకటి, ఊలుకి ఒకటి. కొందరు కాగితం మీదే మార్జిన్ కలిపి గీస్తారు. ఆమె కలపదు. కాగితం మీద ఒంటి కొలతే ఉండాలి, మిగతాది బట్టను ముట్టుకుని చూశాక తేల్చాలి అని ఆమె పద్ధతి. కటింగ్ మాస్టర్ సుద్ద గీత మీద కత్తెర నడిపేవాడు. వర్క్‌షాపులో అందరూ ఆమెను సుద్దక్క అనేవారు. ఒకసారి అది విని భర్త నవ్వాడు. మా ఆవిడకి పనికొచ్చిన డిగ్రీ అదొక్కటే అన్నాడు, బయటి మనుషుల ముందు. ఆమె కూడా నవ్వింది. అప్పట్లో నవ్వేది.

కుట్టిన మొదటి పీసు తొడిగి చూసేదీ ఆమె ఒంటికే. బట్టలు తొడిగి చూసే డమ్మీ బొమ్మ కొనమంటే, నువ్వుండగా అదెందుకు అన్నాడు. చేతులు చాపి నిలబడితే గుండు సూదులు పెట్టేవారు. ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ లాగుతుందో ఆమె చెప్పేది. కస్టమర్లు వచ్చి ఫిట్టింగ్ బాగుందంటే భర్త కౌంటర్ వెనక నుంచి లేచి, థ్యాంక్స్ అండీ, నా ఐడియానే అనేవాడు. రాత్రి భోజనం దగ్గర ఒకసారి ఆమె అడిగింది, ఎక్కడైనా చిన్నగా నా పేరు వేయించకూడదా అని. షాపు నీది కాదా, మళ్ళీ పేరెందుకు అన్నాడు. అత్తగారు మజ్జిగ పోసుకుంటూ, గ్లాసుల మీద కూడా నీ పేరు చెక్కించుకో అమ్మాయ్, రోజూ కడిగేది నువ్వేగా అంది.

ఆ మరుసటి ఏడాదే ఎవరికీ చెప్పకుండా ఎంట్రన్స్ రాసింది. ఫ్యాషన్, టెక్స్‌టైల్ డిజైన్‌లో పీజీ. సీటు వచ్చాక చెప్పింది. భర్త కాసేపు లెక్కలు వేసుకుని సరేనన్నాడు. షాపుకి పనికొస్తుంది, బయటి డిజైనర్‌ని పెట్టుకోనక్కర్లేదు అని అత్తగారితో అనడం మెట్ల మీద నుంచి వినపడింది. అత్తగారు కూడా అడ్డు చెప్పలేదు. "చదువుకో అమ్మాయ్, ఎవరొద్దన్నారు. పొద్దున వంట చేసి వెళ్ళు, సాయంత్రం వచ్చి చెయ్యి. మధ్యలో ఎలాగూ ఖాళీయేగా."

ఆ ఖాళీలో ఆమె రెండేళ్ళు చదివింది. క్లాసులో అందరూ తనకంటే పద్నాలుగేళ్ళు చిన్నవాళ్ళు. మొదటి రోజు ఆమెను చూసి లెక్చరర్ అనుకుని లేచి నిలబడ్డారు. కాలేజీ మగ్గం మీద కూర్చుని తన బట్ట తానే నేయడం నేర్చుకుంది. పోగుల్లో రంగు ఎక్కడ మొదలైతే భుజం దగ్గర మొదలైన చార తెగకుండా ఒళ్ళంతా చుట్టి అంచుదాకా దిగుతుందో పట్టుకోవడానికి ఒక టర్మ్ పట్టింది. ఆ బట్టకి తగ్గ గౌను ఎనిమిది ప్యానెళ్ళది, అంటే ఎనిమిది నిలువు ముక్కలు కలిపి కుట్టేది. ఆ ఎనిమిది బ్రౌన్ పేపర్లే ఆమె ఫైనల్ జ్యూరీకి, అంటే నిపుణుల ముందు పెట్టే ఆఖరి పరీక్షకి. కాలేజీలో ఒక్కటే నిబంధన. జ్యూరీకి ముందు ఆ డిజైన్ బయట ఎక్కడా కనపడకూడదు. కనపడితే కాపీ కింద లెక్క, డిగ్రీ ఇవ్వరు.

బుధవారం మధ్యాహ్నం బీరువా వెనక దుమ్ము దులుపుతుంటే కాగితాలు చుట్టి పెట్టిన గొట్టం ఖాళీగా దొరికింది. ఆమె చీపురు గోడకి ఆనించి వంటింట్లోకి వెళ్ళింది. వర్క్‌షాపు వాళ్ళకి టీ ఇచ్చే వేళ ఎలాగూ అయింది. ట్రే పట్టుకుని కిందికి దిగింది.

ఎనిమిది కాగితాలూ కటింగ్ బల్ల మీద ఉన్నాయి. కింద తెల్లటి శాటిన్ దొంతరగా పరిచి ఉంది. ప్రతి కాగితం కుడి మూల ఆమె పేరు రాసుకుంది. ఎనిమిది మూలలూ కత్తిరించి ఉన్నాయి.

ఇవే శుక్రవారం లాంచ్‌కి అన్నాడు భర్త, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. ఆమె జ్యూరీ గురించి చెప్పింది. డిగ్రీ పోతుందని చెప్పింది. ట్రే చేతిలోనే ఉంది. అతను కాలేజీ వాళ్ళకి ఇంకోటి గీసివ్వమన్నాడు, నీకెంతసేపు అన్నాడు. ఇది దొంగతనం కాదా అని ఆమె అడిగింది.

"ఇంట్లోది ఇంట్లో వాడుకుంటే దొంగతనమా? నువ్వు చేసిన వంట తింటే కూడా దొంగతనమేనంటావా ఏంటి?"

మిషన్ల దగ్గర ఎవరో నవ్వారు. కటింగ్ మాస్టర్ నవ్వలేదు. కత్తెర పట్టుకుని కాగితం అంచు వైపు చూస్తున్నాడు.

"సుద్దక్కా, కాగితం అంచు మీదే కోసేయమంటున్నారు సార్. మీరు ఒకసారి గీత గీసి..."

"ఆవిడనెందుకయ్యా అడుగుతావు?" అన్నాడు భర్త. "ఆవిడిప్పుడు కాలేజీ పిల్ల. గీసి ఉందిగా, గీసినట్టే కోయి."

అతనికి తెలియదు. పదకొండేళ్ళు ఆ బల్లకి నాలుగడుగుల దూరంలో కూర్చుని, తన భార్య రోజూ వంగి గీసే రెండో గీత ఎందుకో అతనికి తెలియదు. అది ఆమెకి ఆ నిమిషంలోనే అర్థమైంది. ఇల్లు తుడిచినట్టు, పిల్లాడికి జ్వరమొస్తే మెలకువగా ఉన్నట్టు, అదీ ఆమె చేస్తూ ఉండే ఏదో ఒకటి అనుకున్నాడు. నోరు తెరిచి ఒక్క ముక్క చెబితే అతని శుక్రవారం నిలబడుతుంది. ఆ ముక్క నాలుక చివరే ఉంది. అంతలో ఆమె మనసు అలవాటుగా లెక్క కట్టేసింది. ఎనిమిది ప్యానెళ్ళు, ఎనిమిది కుట్లు, ఒక్కో కుట్టుకి రెండు వైపులా వేలెడు మందం లోపలికి పోతుంది. నడుము దగ్గర జానెడు తగ్గుతుంది. జానెడు తగ్గిన నడుమున్న మనిషి ఈ భూమ్మీద లేదు. ట్రయల్ చూసే అలవాటు వీళ్ళకి లేదు, ట్రయల్ అంటే తన ఒళ్ళే. ఆమె తలలో గ్లాసుల మీద పేరు చెక్కించుకోమన్న గొంతు వినపడింది. డిగ్రీ పేరు సుద్ద అన్న నవ్వు వినపడింది. బల్ల కింద పడ్డ ఎనిమిది కాగితం మూలలు కనపడ్డాయి, ఒకదాని మీద ఆమె పేరులో మొదటి అక్షరం పైకి తిరిగి ఉంది. ఆమె ట్రే బల్ల అంచున పెట్టింది.

"సార్ చెప్పినట్టే కోయండి మాస్టారూ. టీ చల్లారిపోతుంది, ముందు తాగండి."

మాస్టర్ ఆమె ముఖంలోకి చూశాడు. టీ తాగాడు. కోశాడు.

గురువారం సాయంత్రానికి గౌన్లన్నీ కుట్టడం అయిపోయింది. ఇస్త్రీ చేయమని పైకి పంపారు. ఆమె చేసింది. శాటిన్ మీద తడి గుడ్డ వేసి, ఒక్కో ప్యానెల్ విడిగా, లోపలి కుట్టు అంచులు రెండు వైపులకీ తెరిచి మరీ ఒత్తింది. ఒక్క ముడత లేదు. అంత శ్రద్ధగా ఆమె తన పెళ్ళి బట్టలు కూడా ఇస్త్రీ చేసుకోలేదు. అత్తగారు గుమ్మంలో నిలబడి, ఇన్నాళ్ళకి మొగుడి పని నీ పనే అని తెలిసింది నీకు అంది. తెలిసింది అత్తయ్యా అంది ఆమె.

శుక్రవారం జిప్పులు పడలేదు. వెనక అగ్గిపెట్టెడు గుండు సూదులు గుచ్చి, శాలువాలు కప్పి మోడల్స్‌ని నడిపించారు. వాళ్ళు వెనక్కి తిరక్కుండా, ముందు వైపే చూపిస్తూ, అడుగులో అడుగు వేసుకుని వెనక్కి నడిచారు. అతిథులు అదేదో కొత్త పద్ధతి అనుకుని చప్పట్లు కొట్టారు. మూడో అమ్మాయి శాలువా కుర్చీకి తగులుకుంది. ఆ తర్వాత చప్పట్లు లేవు.

పైకి ఇంట్లోకి వచ్చాక అత్తగారు తప్పంతా మోడల్స్‌దేనంది, ఈ కాలం ఆడపిల్లలు ఏది పడితే అది తింటారంది. భర్త భార్య వైపు తిరిగాడు. నీకు తెలుసా అని అడిగాడు. "మీ డిజైన్ కదండీ, నాకేం తెలుస్తుంది" అని ఆమె పప్పు గిన్నె అతని వైపు జరిపింది.

శనివారం ఫొటోలు బయటికి వచ్చాయి. ముందు వైపు ఫొటోలే. కింద భర్త పేరు ఉంది. సోమవారం కాలేజీ నుంచి ఇద్దరికీ పిలుపు వచ్చింది. అత్తగారు మాత్రం ఒకటే మాట అంది, ఒక కాగితం ముక్క కోసం మగాడి పరువు తీయకు అని. భర్త దారిలో కారులో చెప్పాడు, నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటాను.

బల్లకి అటు వైపు హెడ్ మేడం, ఇద్దరు లెక్చరర్లు. ఇటు వైపు వీళ్ళిద్దరూ. మధ్యలో అతను తెచ్చిన, మూలలు తెగిన ఎనిమిది కాగితాలు. అతను ఫైలు పక్కన పెట్టుకుని మెత్తగా మాట్లాడాడు. గీసింది తనే అన్నాడు. ఇంట్లో ఉన్నవి కదా అని ఈవిడ కాలేజీకి తెచ్చుకుందన్నాడు. ఇల్లూ పిల్లాడూ చదువూ, ఆవిడకీ ఊపిరాడటం లేదు పాపం అన్నాడు. "తెలియక చేసింది మేడం. ఈ ఒక్కసారికి వదిలేయండి."

ఆమె అతని వైపు చూడలేదు. అతను తనని క్షమిస్తున్నాడు. తన పేరు కత్తిరించిన చేతులతో తనకి క్షమాభిక్ష అడుగుతున్నాడు. అప్పటిదాకా లోపల ఎక్కడో, అయ్యో పాపం అనుకునే జాగా కొంచెం మిగిలి ఉండేది. అది ఆ మాటతో మూసుకుపోయింది.

మీరేమంటారని మేడం ఆమెను అడిగింది.

"షోరూం నుంచి ఒక గౌను తెచ్చాను మేడం. కుట్లు విప్పే కత్తి ఇస్తే చాలు."

ఇచ్చారు. ఆమె గౌను బల్ల మీద బోర్లా పరిచి, పక్క కుట్టు దగ్గర మొదలుపెట్టింది. తొందరపడలేదు. ఒక్కో కుట్టు కింద మొన దూర్చి, లేపి, తెంపింది. దారం ముక్కలు తీసి ఒక పక్కన పోగు పెట్టింది. ఒక లెక్చరర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఒక ప్యానెల్ విడిపోయింది. దాన్ని అరచేత్తో చదును చేసి, పైన తన కాగితం పెట్టింది. భుజం దగ్గర, చంక దగ్గర, నడుము దగ్గర, అంచు దగ్గర కాగితానికీ బట్టకీ నూలుపోగంత తేడా లేదు.

హెడ్ మేడం కళ్ళజోడు పైకి తోసి, వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"ఇవి గీసింది మీరే అన్నారు. కుట్టుకి మార్జిన్ ఎంత వదిలారు?"

అతను కాగితం వైపు చూశాడు. బట్ట వైపు చూశాడు. ఆ తర్వాత, పదకొండేళ్ళుగా కస్టమర్ ఏదైనా అడగ్గానే చూసినట్టే, భార్య వైపు చూశాడు. ఆమె దారం ముక్కలు కుప్ప చేస్తోంది.

"అదంతా మా ఆవిడే చూసుకునేది" అన్నాడు.

హెడ్ మేడం ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుని, అతని చేత సంతకం పెట్టించింది.

డిజైన్ ఆమెదేనని తేలడంతో బుధవారం ఉదయం జ్యూరీ జరిగింది. ఆమె తను నేసిన బట్టతో కుట్టిన చారల గౌను కాలేజీ డమ్మీకి తొడిగారు. జిప్పు మెడదాకా పడింది. కింద కార్డు మీద ఒక్క పేరే ఉంది. పాసైనట్టు సాయంత్రం బోర్డులో పెట్టారు. ఆమె పిల్లాణ్ణి బడి నుంచి తీసుకుని, క్లాసు పిల్లలు చూసిపెట్టిన గదికి వెళ్ళింది. గదిలో ఒక మంచం, ఒక బల్ల ఉన్నాయి. బల్ల పొడుగైనది, బ్రౌన్ పేపర్ పూర్తిగా పరవడానికి సరిపోతుంది.

ఆరున్నరకు భర్త దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. కొత్త శాటిన్ వచ్చింది, మాస్టర్ కత్తెర పట్టుకుని కూర్చున్నాడు, ఎక్కడ ఎంత మార్జిన్ పెట్టాలో చెప్పు అని ఉంది. ఆమె చదివినట్టు అతని ఫోన్‌లో రెండు నీలం గీతలు పడ్డాయి. సమాధానం వెళ్ళలేదు.