మధ్యాహ్నం రెండింటికి ఖరహరప్రియ

పర్చూరులో పాత పొగాకు గోడౌనుకి సున్నం కొట్టించి, లోపల వేదిక కట్టి, వేసవి సంగీతోత్సవం మొదలుపెట్టి ఇది మూడో ఏడు. పొద్దున శాస్త్రీయ కచేరీలు, సాయంత్రం జాజ్. నిర్వాహకుడు చైతన్యకృష్ణ అచ్చేయించిన కరపత్రంలో వయొలిన్ విద్వాంసురాలు మాధవీలత పేరుంది. మజ్జిగ పోయించే దాత పేరు కూడా ఉంది. ఎనిమిది గంటల దగ్గర మాత్రం 'మంగళవాద్యం' అని ఒక్క మాటే ఉంది.

ఆ మంగళవాద్యం అద్దంకి దగ్గర నుంచి వచ్చిన మాణిక్యమ్మది, ఆమె భర్త కోటిలింగానిది. ఆమె సన్నాయి, అతను డోలు. మాణిక్యమ్మ పన్నెండో ఏట సన్నాయి నేర్చుకోవడానికి హుస్సేన్ సాహెబ్ దగ్గర చేరింది. ఆడపిల్లకి ఊపిరి చాలదని ఊళ్లోవాళ్లు అంటే ఆయన వాదించలేదు. రోజూ తెల్లవారకముందే గంటసేపు ఆమె చేత ఒక్క షడ్జమమే పట్టించేవారు. అలా పదహారేళ్లు నేర్చుకుంది. ఇప్పుడామెకి నలభై ఏడు. ఎన్నో పెళ్లిళ్లకు వాయించింది గానీ, ఒక రాగాన్ని మొదటి నుంచి చివరిదాకా కూర్చుని విన్నవాళ్లు ఆమెకి ఎన్నడూ దొరకలేదు.

ఆ పొద్దున కూడా అంతే. గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని ఖరహరప్రియ రాగం ఎత్తుకుంది. ఎదురుగా కుర్చీలు ఈడుస్తున్నారు, మైకులో ఎవరో ఒకటీ రెండూ మూడూ అంటున్నారు. ఆలాపన పంచమం దాకా వచ్చిందో లేదో ముఖ్య అతిథి కారు వచ్చింది. చైతన్యకృష్ణ దూరం నుంచే చేయి ఊపాడు. కారు రాగానే ఆపాలని ముందే ఒప్పుకున్న మాట కాబట్టి ఆమె సన్నాయి దించింది.

"పద, ఎండ ముదరకముందే బస్సెక్కుదాం" అన్నాడు కోటిలింగం డోలుకి గుడ్డ చుడుతూ.

"నేను రాను. ఆయనతో మాట్లాడాలి."

"ఏం మాట్లాడతావే? మనల్ని పిలిచింది ఇంతవరకే."

ఆమె లోపలికి వెళ్లి వెనక వరసలో కూర్చుంది. మాధవీలత వయొలిన్ రెండు గంటలు సాగింది. ఎంతో బాగుంది. కల్యాణి రాగంలో ఒకచోట మాణిక్యమ్మ కళ్లు చెమర్చాయి. జనం కదలకుండా వినడం చూస్తే మాత్రం అసూయ వేసింది. ఆ అసూయను ఆమె దాచుకోలేదు. కచేరీ అవగానే నేరుగా చైతన్యకృష్ణ దగ్గరికి నడిచింది.

"బాబూ, నాకో గంట కావాలండి. కచేరీ చేస్తాను."

అతను చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. "ఎక్కడుందమ్మా ఖాళీ? ఒంటిగంటకి భోజనాలు, ఐదింటికి జాజ్."

"రెండింటికి?"

"రెండింటికి ఈ రేకుల కింద మనిషన్నవాడు కూర్చోలేడు. పైగా రెండు నుంచి నాలుగు దాకా కరెంటు తీస్తారు. జనరేటర్ సాయంత్రానికి అట్టేపెట్టాం. ఫ్యానుండదు, మైకుండదు."

"సన్నాయికి మైకెందుకండి?"

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. "సరే, మీ ఇష్టం. ఎవరూ రాలేదని మాత్రం నన్ననొద్దు."

రెండింటికి నిజంగానే ఎవరూ లేరు. ముందు వరసలో ఒక పెద్దాయన నిద్రపోతున్నాడు. వంటవాళ్లిద్దరు చెమట తుడుచుకుంటూ గోడకి చేరబడ్డారు. సాయంత్రం జాజ్ వాయించే బృందంలో శాక్సోఫోన్ అతను, ఇమ్మానియేలు, కరెంటు లేక ఏమీ తోచక ఒక మూల కూర్చున్నాడు.

"నలుగురు. అందులో ఒకాయన నిద్ర" అని గొణిగాడు కోటిలింగం.

మాణిక్యమ్మ వేదిక ఎక్కి, ఖాళీ కుర్చీలకే నమస్కారం పెట్టింది. "నా పేరు మాణిక్యమ్మ. డోలు మా ఆయన కోటిలింగం. మా గురువుగారు హుస్సేన్ సాహెబ్" అని గట్టిగా చెప్పి కూర్చుంది. పొద్దున ఆగిన రాగాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

తొందరపడలేదు. రిషభం మీద నిలబడింది, గాంధారాన్ని ఊపి ఊపి వదిలింది. పదిహేను నిమిషాలకి పంచమం చేరేసరికి రేకులు మోగాయి. పెద్దాయన లేచి సర్దుకుని కూర్చున్నాడు. గోడ అవతల షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ముక్కుకి కట్టుకున్న గుడ్డలు కిందికి లాక్కున్నారు.

"లోపలికి రావచ్చా అండీ?" అని ఒకామె వంటవాళ్లను అడిగింది.

"రండమ్మా, కుర్చీలన్నీ ఖాళీయే."

కీర్తన మొదలుపెట్టి చరణంలోకి వెళ్తుండగా సన్నాయి ఒక్కసారిగా కీచుమంది. నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు పీక ఎండకి చీలింది. వెంట తెచ్చుకున్న వేరే పీక తడిసి మెత్తబడాలంటే రెండు మూడు నిమిషాలైనా పట్టాలి. అంతసేపు నిశ్శబ్దమైతే వచ్చినవాళ్లు లేచిపోతారు. ఆమె భర్త వైపు చూసింది.

కోటిలింగం ఒక్క క్షణం కూడా ఆగలేదు. తాళం వదలకుండా, డోలు ఒక్కటే మోగే తని అందుకున్నాడు. పొద్దుట్నుంచి ఇంటికి పోదామన్న మనిషి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోతుంటే, ముప్ఫై ఏళ్ల విద్యంతా ఆ నాలుగు నిమిషాల్లో పెట్టాడు. వచ్చి కూర్చున్న ఆడవాళ్లు చప్పట్లతో తాళం వేశారు. మాణిక్యమ్మ కొత్త పీక నోట్లో నానబెట్టుకుంటూ భర్తనే చూస్తూ కూర్చుంది. అతను ముక్తాయింపు ఇవ్వగానే సరిగ్గా అందుకుని చరణం పూర్తి చేసింది. అప్పటికి అరవైమందికి పైగా ఉన్నారు. చైతన్యకృష్ణ చేతికంటిన పెరుగన్నం ఆరిపోతుంటే గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

కచేరీ ముగిశాక అందరికంటే ముందు ఇమ్మానియేలు వచ్చాడు. "అమ్మా, నాది కొత్తపట్నం. చర్చిలో నేర్చుకున్నా, ఇప్పుడు హైదరాబాదులో వాయిస్తున్నా. మీ రాగం స్వరాలనే మా జాజ్‌లో డోరియన్ అంటాం. సాయంత్రం మాతో ఒక పాట వాయిస్తారా?"

"మీ పాటలు నాకు రావు నాయనా."

"నాకూ మీ గమకాలు రావు. ప్రయత్నిద్దాం."

నాలుగింటికి కూర్చుంటే మొదట కుదరలేదు. సన్నాయి శ్రుతి శాక్సోఫోన్ కంటే కాస్త ఎక్కువ. అతను మౌత్‌పీస్ లోపలికి నొక్కి సరిచేసుకున్నాడు. ఆమె గాంధారాన్ని ఊపితే అతని స్వరం దానితో కొట్లాడింది.

"నేను వాయించేటప్పుడు నువ్వు షడ్జమం పట్టుకుని ఉండు. నువ్వు వాయించేటప్పుడు నేనూ అంతే" అంది మాణిక్యమ్మ. అలా నాలుగుసార్లు వాయించాక దారికి వచ్చింది.

ఐదున్నరకి గోడౌను నిండింది. పది నిమిషాల పాట. మధ్యలో ఒకచోట డ్రమ్ముల లెక్క ఆమెకి తప్పింది. కోటిలింగం డోలు మీద గట్టిగా ఒక దెబ్బ వేసి చోటు చూపించాడు. ఆమె మళ్లీ కలిసింది. చివర్లో రెండు గొట్టాలూ తారస్థాయి షడ్జమం మీద కలిసి నిలబడ్డాయి. ఇమ్మానియేలుకి ఊపిరి అయిపోయింది. ఆమె ఇంకా పట్టుకునే ఉంది. అతను శాక్సోఫోన్ దించి నవ్వుతూ దండం పెట్టాడు.

దిగగానే చైతన్యకృష్ణ ఎదురొచ్చాడు. "పొరపాటైందమ్మా. వచ్చే ఏడు మీకు మధ్యాహ్నం గంట తప్పకుండా ఇస్తాను."

"మధ్యాహ్నం వద్దండి. పొద్దున తొమ్మిదింటికి, గంటన్నర."

"చూద్దాం."

"చూడటం కాదు బాబూ, ఇప్పుడే రాసుకోండి."

అతను ఫోను తీసి రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించమని అడిగి, విన్నాకే ఆమె కదిలింది.

అద్దంకి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక కోటిలింగం అడిగాడు. "గంటన్నర అంటే మాటలా? ఏ రాగం పెద్దది చేస్తావు?"

"తోడి."

"తోడికి ఈ పీకలు చాలవు. కొత్తవి చేయించాలి."

"రేపు నీకు పనేముంది? వెళ్లి చేయించుకొద్దాం" అంది మాణిక్యమ్మ.